స్వీడన్‌లో పిల్లలతో మొదటి స్కీయింగ్: ఓరెనా, సేలెనా?

విజయనగరం_టు_స్టాక్‌హోమ్
అందరికీ నమస్తే. ఈసారి స్కీయింగ్‌కి వెళ్దామని పిల్లలు ఒకటే గొడవ. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి ఐదు. మాలో ఎవరికీ రాదు. అమ్మానాన్న కూడా అప్పటికి ఇండియా నుంచి వచ్చి ఉంటారు. మాకు కారు లేదు. స్కీ రిసార్టులున్న ఓరె, సేలెన్ పేర్లు విన్నాం. ఎక్కడికి, ఎప్పుడు వెళ్తే మంచిది?

మంచుదారి
కారు లేదంటే ఓరెకే వెళ్లండి అన్నా. స్టాక్‌హోమ్‌లో రాత్రి రైలెక్కి పడుకుంటే పొద్దున్నకి అక్కడ ఉంటారు. స్టేషన్ ఊరి మధ్యలోనే, కొండ మీదికి తీసుకెళ్లే లిఫ్టుల దాకా నడిచే వెళ్లొచ్చు. సేలెన్‌కి రైలు లేదు, బస్సులోనో కారులోనో పోవాల్సిందే.

ఇక ఎప్పుడన్నది అసలు ప్రశ్న. స్పోర్ట్‌లోవ్ అని ఫిబ్రవరిలో బడులకిచ్చే సెలవులు ఒక్కో ప్రాంతానికి ఒక్కో వారం. గోథెన్‌బర్గ్‌కి ఏడాదిలో 7వ వారం, స్టాక్‌హోమ్‌కి 9వ వారం. ఆ వారాల్లో గదుల రేట్లు మండిపోతాయి. జనవరిలో చవకే గానీ పాపకి బడి ఉంటుంది, పైగా పగలు చాలా చిన్నది. క్రిస్మస్‌కైతే మధ్యాహ్నం రెండున్నరకే పొద్దుగుంకుతుంది. నన్నడిగితే ఈస్టర్ సెలవులు. ఓరెలో ఏప్రిల్‌లో కూడా మంచు ఉంటుంది, ఎండ కాస్తుంది, పెద్దవాళ్లకి అంత చలి ఉండదు. మధ్యాహ్నానికి మంచు మెత్తబడుతుంది కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టాలి.

ఓస్లో_అక్క
నార్వేలో త్రిసిల్ అనే స్కీ రిసార్టు కూడా ఒకసారి చూడండి తమ్ముడూ. కొత్తవాళ్లకి వెడల్పాటి, వాలు తక్కువ దారులు బోలెడు. ఓస్లో ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా బస్సుంది. మీకైతే ప్రయాణం ఎక్కువవుతుంది, అది నిజమే.

ఎక్కడికెళ్లినా స్కీ స్కూల్‌కి మాత్రం డబ్బులు పెట్టండి, పిల్లలకే కాదు మీకు కూడా. మీరే నేర్పుదామని చూస్తే సెలవు మొత్తం వాళ్లని లేపి నిలబెట్టడానికే సరిపోతుంది.

గోదారిగట్టు
అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఓరెలో ఊరికి తూర్పున బ్యోర్నెన్ అని పిల్లలకోసమే అన్నట్టుంటుంది, అక్కడ బస చూసుకోండి. హెల్మెట్ ఉంటే మీ బాబుకి లిఫ్ట్ పాస్ (లిఫ్టులెక్కే టికెట్) కొననక్కర్లేదు.

అద్దె బూట్ల దగ్గర తొందరపడకండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందుభాగాన్ని కొంచెం తాకాలి. మోకాళ్లు వంచి ముందుకి వాలితే వేళ్లు కాస్త వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. లేస్తే చిన్న సైజు అడగండి. సాక్స్ పల్చటివి, ఒక్క జతే. చలని రెండేసి వేస్తే కాళ్లు నొక్కుకుపోయి ఇంకా చల్లబడతాయి. లోపల కాటన్ బనీను వద్దు, ఉన్నిది వేయండి.

బటన్ లిఫ్ట్ అంటే కడ్డీకి గుండ్రటి పళ్లెం. కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడాలి, అది లాక్కెళ్తుంది. కూర్చుంటే పడిపోతారు. ఈ మాట పిల్లలకి ముందే చెప్పండి.

విజయనగరం_టు_స్టాక్‌హోమ్
చాలా థాంక్స్. మరి అమ్మానాన్నకి పొద్దుపోయేదెలా? భోజనం సంగతేంటి?

మంచుదారి
ఊరి నుంచి కాబీన్‌బానన్ అనే కేబుల్ కార్ ఓరెస్కుటాన్ కొండ మీద 1,274 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. స్కీలు లేకుండా కూడా ఎక్కొచ్చు. గాలి ఎక్కువుంటే ఆపేస్తారు, అందుకని మొదటి మంచి రోజే వెళ్లిరండి. 1910 నాటి బెర్గ్‌బానన్ కొండరైలు కూడా ఉంది. పడమరగా తెన్‌ఫోర్సెన్ జలపాతం చూడదగ్గది.

వంటగది ఉన్న కాటేజీ తీసుకోండి. కుక్కర్, పచ్చళ్లు, పొడులు పట్టుకెళ్తే బియ్యం, కూరగాయలు అక్కడి సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి. బుక్ చేసేముందు దుప్పట్లు, ఖాళీ చేసేటప్పటి క్లీనింగ్ రేటులో కలిపారో లేదో చూడండి, చాలాచోట్ల విడిగా కట్టించుకుంటారు.

ఓస్లో_అక్క
ఇంకొకటి. మీ అమ్మానాన్న ఇక్కడికి రావడానికి షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ తీసుకుంటారు కదా, స్కీయింగ్ దెబ్బలకి అది వర్తించకపోవచ్చు. నాన్నగారు సరదాపడి నేనూ జారతానంటారేమో, ఆయన ఇండియాలో బయల్దేరకముందే పాలసీ చదివి, అవసరమైతే స్పోర్ట్స్ కవర్ కలపమనండి.