పదివేలలోపు డ్రాయింగ్ టాబ్లెట్, పాత లాప్‌టాప్: ఏది కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

సన్నజాజి_కుంచె

నమస్కారం అండీ. మాది విజయనగరం. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట వాటర్ కలర్స్‌తో బొమ్మలు వేస్తుంటాను. మా పాప రెండో తరగతి. రోజూ పడుకునేముందు దానికి చెప్పే కాకి, నక్క కథను బొమ్మల పుస్తకంగా చేసి, ప్రింట్ తీయించి పుట్టినరోజుకి ఇవ్వాలని ఆశ. కాగితం మీద వేసి స్కాన్ చేస్తే రంగులు వెలిసిపోయినట్టు వస్తున్నాయి. ఒక్క చోట తప్పు పడితే బొమ్మంతా మళ్లీ వేసుకోవాలి. అందుకే లాప్‌టాప్‌కి కలిపి పెన్నుతో గీసే డ్రాయింగ్ టాబ్లెట్ వైపు చూస్తున్నాను.

ఇంట్లో ఉన్నది ఐదేళ్ల నాటి ఐ3 లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, 15 అంగుళాల తెర. బడ్జెట్ పదివేలు. వీడియోల్లో ఒకాయన 2048 ప్రెషర్ లెవెల్స్ (పెన్ను నొక్కుడులో గుర్తించే మెట్లట) చాలంటాడు, ఇంకొకాయన 16384 లేనిదే కొనొద్దంటాడు. తల తిరిగిపోతోంది. ఇంకో ఆరు నెలలు డబ్బులు దాచి తెర ఉన్న టాబ్లెట్ కొనమంటారా? సాఫ్ట్‌వేర్ సంగతి అసలే తెలీదు. వాడుతున్నవాళ్లు కొంచెం చెప్పరూ?

సిరాబుడ్డి

ఆరు నెలలు ఆగకండి. తెర లేనిదే కొనండి.

నా దగ్గరున్నది వన్ బై వాకామ్, చిన్న సైజు. గీసే చోటు 152 × 95 మిల్లీమీటర్లు, అంటే మన పోస్టుకార్డు కంటే కాస్త పెద్దది, అంతే. పెన్నులో బ్యాటరీ ఉండదు, టాబ్లెట్ లోపలి అయస్కాంత క్షేత్రం నుంచే దానికి శక్తి అందుతుంది. ఛార్జింగ్ గొడవ లేదు. ఆరేళ్లుగా వాడుతున్నాను, మార్చింది పెన్ను ములుకులు మాత్రమే. దానికి బటన్లు ఉండవు కాబట్టి ఎడమ చెయ్యి కీబోర్డు మీద ఉండాలి. బటన్లు కావాలంటే హుయాన్ హెచ్640పి చూడండి. సైజు దాదాపు అంతే, పక్కన ఆరు బటన్లు ఉంటాయి. రెంటిలో ఏది కొన్నా మీ బడ్జెట్‌లో సగంలోనే వచ్చేస్తుంది.

15 అంగుళాల తెరకు చిన్న సైజు సరిపోతుంది. 24 అంగుళాల మానిటర్ ఉన్నవాళ్లైతే మీడియం తీసుకోవాలి. లేకపోతే చెయ్యి వేలెడు కదిపితే బాణం గుర్తు జానెడు పరిగెడుతుంది.

ఒక్కటి ముందే చెప్తున్నా, మొదటి వారం ఏడుపొస్తుంది. చెయ్యి ఒక చోట, చూపు ఒక చోట. ఏళ్ల తరబడి గీసిన చెయ్యి కదా అనుకుంటారు, ఎల్‌కేజీ పిల్ల గీతలు వస్తాయి. టాబ్లెట్ బాలేదని తిరిగి పంపించెయ్యకండి. రోజూ ఓ పావుగంట మీ సంతకం పెట్టండి, రెండు చుక్కలు పెట్టి కలపండి. రెండు వారాల్లో చెయ్యి దారికొస్తుంది.

రెండోలేయర్

లెవెల్స్ విషయం నేను చెప్తాను. 2048కీ 8192కీ తేడా నా చేతికి తెలీలేదు, రెండూ వాడాను. చూడాల్సింది వేరే. ఎంత తేలిగ్గా తాకిస్తే గీత మొదలవుతుందన్నది అసలు సంగతి. గట్టిగా నొక్కితే తప్ప గీత పడని పెన్నుకు ఎన్ని వేల లెవెల్స్ ఉన్నా ఏం లాభం? బొగ్గుముక్కో పెన్సిలో పక్కకు వాల్చి షేడింగ్ చేసే అలవాటు ఉంటే పెన్ను వాలును గుర్తించే టిల్ట్ ఉందో లేదో చూసుకోండి. చవక మోడళ్లలో చాలావాటికి ఉండదు.

ఎడమచేతి_వాటం

తెర ఉన్న టాబ్లెట్ కొని దెబ్బతిన్నవాణ్ణి. కంపెనీ పేరెందుకు లెండి. 13 అంగుళాలది, ఇరవై వేలు దాటింది. పార్సిల్ విప్పాక తెలిసింది, దానికి హెచ్‌డీఎంఐ కావాలి, యూఎస్‌బీ కావాలి, పవర్ కావాలి. నా లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ లేదు. యూఎస్‌బీ-సీ పోర్టు ఉందిగా అనుకుంటే దాంట్లోంచి వీడియో రాదు, ఛార్జింగే. అడాప్టరుకు ఇంకో ఖర్చు. తర్వాత రెండు నెలలకు మెడ పట్టేసింది, వంగి వంగి గీస్తాం కదా. అప్పుడు స్టాండు కొన్నా.

అలాగని అది చెడ్డదని కాదు. పెన్ను కింద బొమ్మ కనిపిస్తుంటే ఆ సుఖం వేరు. కానీ మొదటి కొనుగోలుకి వద్దు. తెర లేని దానితో నడుం నిటారుగా పెట్టుకుని గీస్తాం, ఆ లాభం ఎవరూ చెప్పరు. నాలాంటి ఎడమచేతి వాళ్లకి ఇంకో మాట: టాబ్లెట్‌ని తిప్పి పెట్టుకుని డ్రైవర్‌లో (టాబ్లెట్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) లెఫ్ట్ హ్యాండ్ అని పెడితే చాలు, వేరే మోడల్ అక్కర్లేదు.

డల్లాస్‌లో_ముగ్గు

నేను ఒప్పుకోను :) లాప్‌టాప్‌కి కట్టేసినట్టు కూర్చోవడం నా వల్ల కాలేదు. నాది ఐప్యాడ్, అందులో ప్రొక్రియేట్ అనే బొమ్మల యాప్. సోఫాలో, పార్కులో, పిల్లల స్విమ్మింగ్ క్లాసు బయట, ఎక్కడైనా గీస్తాను. ప్రొక్రియేట్‌కి నెలనెలా కట్టేది లేదు, ఒకసారి కొంటే చాలు. కాకపోతే ఐప్యాడ్‌లో తప్ప ఇంకెక్కడా నడవదు. కాన్వాస్ పెద్దదైనకొద్దీ లేయర్లు (బొమ్మలో ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు) తగ్గిస్తుంది, ర్యామ్‌ని బట్టి.

కొనేవాళ్లు ఒక్కటి చూసుకోండి. యాపిల్ పెన్సిల్‌లో రకాలున్నాయి. 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ పెన్సిల్‌కి ప్రెషర్ ఉండదు, ఎంత నొక్కినా గీత ఒకే లావు. నోట్స్ రాసుకోవడానికి బాగుంటుంది, బొమ్మలకు కాదు. ధర తక్కువని దానికి ఆశపడొద్దు.

సిరాబుడ్డి

డల్లాస్ గారూ, ఆవిడ బడ్జెట్ పదివేలండీ. పెన్సిల్ మూత కూడా రాదు!

డల్లాస్‌లో_ముగ్గు

అయ్యో నిజమే. అయితే సెకండ్ హ్యాండ్‌లో శామ్‌సంగ్ ట్యాబ్ ఎస్6 లైట్ లాంటిది దొరుకుతుందేమో చూడండి. ఎస్ పెన్ డబ్బాలోనే వస్తుంది, దానికీ ఛార్జింగ్ అక్కర్లేదు. కొనేముందు పెన్ను ఇస్తున్నారో లేదో అడగండి, తెర మీద నాలుగు మూలలా గీసి చూడండి.

సన్నజాజి_కుంచె

అందరికీ ధన్యవాదాలు. హెచ్640పి ఆర్డర్ పెట్టేశాను. మూడు రోజుల్లో వస్తుందట. ఇక సాఫ్ట్‌వేర్. మా తమ్ముడు ఫోటోషాప్ ‘ఎక్కడినుంచో తెచ్చి’ వేస్తానంటున్నాడు. నాకేమో భయం.

సిరాబుడ్డి

ఆ ‘ఎక్కడినుంచో’ జోలికి వెళ్లకండి, బొమ్మలతో పాటు బ్యాంకు పాస్‌వర్డులు కూడా పోతాయి. క్రిటా వేసుకోండి. పూర్తిగా ఉచితం, బొమ్మలు వేసేవాళ్ల కోసమే చేసింది. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో, స్టీమ్‌లో డబ్బులకు కనిపిస్తుంది, అదీ ఇదీ ఒకటే. వాళ్ల సైట్ నుంచి దించుకుంటే పైసా లేదు. స్టోర్‌లో కట్టే డబ్బు దాన్ని తయారుచేసేవాళ్లకు విరాళం అనుకోండి. మొదటి పుస్తకం అయ్యాక నేను కట్టాను.

మీ లాప్‌టాప్‌కి లెక్క చెప్తా. ఏ4 కాగితం 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480 × 3508 పిక్సెల్స్. మామూలు 8 బిట్ రంగులో ఒక లేయరు నిండా రంగు వేస్తే దాదాపు 35 ఎంబీ. ఇరవై లేయర్లయినా 700 ఎంబీ. 8 జీబీలో హాయిగా నడుస్తుంది. పక్కన బ్రౌజర్‌లో ముప్పై ట్యాబ్‌లు మాత్రం తెరిచిపెట్టకండి. కొత్త కాన్వాస్ తెరిచేటప్పుడు 16 బిట్ ఎంచుకోవద్దు, బరువు రెట్టింపు అవుతుంది. మరీ పెద్ద బ్రష్‌లు వేస్తే ఐ3 కాస్త వెనకబడుతుంది. గీత ఆలస్యం కాకుండా చూసే ఇన్‌స్టంట్ ప్రివ్యూ క్రిటాలో ఆన్ చేసుకోండి.

డల్లాస్‌లో_ముగ్గు

క్రిటా గురించి నాదీ ఒక మాట. అందులో మల్టీబ్రష్ అని ఒక టూల్ ఉంది. ఎన్ని చేతులు కావాలో అంకె ఇస్తే, మీరు ఒక రేక గీస్తే మధ్యబిందువు చుట్టూ మిగతావి అవే పడతాయి. ఎనిమిది ఇచ్చి ఒక్క తామర రేక గీసి చూడండి, సంక్రాంతి ముగ్గు వాకిట్లోకి వచ్చేస్తుంది. నా పేరులో ముగ్గు అలా వచ్చిందే. ఐప్యాడ్ కొనకముందు రెండేళ్లు క్రిటాలోనే వేశాను. స్వీడిష్‌లో ‘క్రిటా’ అంటే సుద్ద అట, సరిగ్గా కుదిరింది.

రెండోలేయర్

ముగ్గులకు సరే. ఇంకు గీతల పనికి మాత్రం నా ఓటు క్లిప్ స్టూడియో పెయింట్‌కే. అందులో వెక్టర్ లేయర్ మీద గీసిన గీతను తర్వాత పట్టుకుని వంచొచ్చు, లావు సన్నం చేయొచ్చు. అన్నిటికంటే ముద్దొచ్చేది దాని రబ్బరు. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటిన చోట, దాటిన ముక్క మీద ఒకసారి ముట్టిస్తే కలిసిన చోటు వరకే పోతుంది. జుట్టు, గడ్డి, తాటాకులు వేసేవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. కంప్యూటర్‌కి ఒకసారి కొనే లైసెన్సు ఉంది, సేల్ వచ్చినప్పుడు సగం ధరకి ఇస్తారు. ఫోనుకీ ట్యాబ్‌కీ అయితే చందానే. 2023లో వెర్షన్ 2 వచ్చినప్పటి నుంచీ, ఒకసారి కొన్న లైసెన్సుకు తర్వాతి పెద్ద వెర్షన్లు ఉచితంగా రావు. నేను పాతదానితోనే సంతోషంగా ఉన్నాను.

మీరు వాటర్ కలర్ మనిషి కాబట్టి ముందు క్రిటానే. అది నచ్చకపోతే అప్పుడు చూసుకోవచ్చు.

కాగితప్పడవ

నేను ఇంటర్ చదువుతున్నాను. లాప్‌టాప్ లేదు, ఫోనే. ఓటీజీ పెట్టి ఇలాంటి టాబ్లెట్ కలిపితే పనిచేస్తుందా?

ఎడమచేతి_వాటం

తమ్ముడూ, కొన్ని మోడళ్లు పనిచేస్తాయి, డబ్బా మీద ఆండ్రాయిడ్ అని రాసి ఉందో చూసుకో. కానీ ఫోను నిలువుగా పట్టుకుంటే టాబ్లెట్‌లో చిన్న ముక్కే పనిచేస్తుంది, మిగతాది దండగ. నీకు ఇప్పటికి వేలితోనే ఇబిస్ పెయింట్ చాలు. ఉచితం, యాడ్స్ వస్తాయి. లేయర్లు, చెయ్యి వణుకు ఆపే స్టెబిలైజర్, అన్నీ అందులోనే నేర్చుకోవచ్చు. డబ్బులు దాచుకో.

అచ్చుయంత్రం

విజయవాడలో ప్రింటింగ్ పనిలో ఉన్నాను. అందరూ గీయడం గురించే చెప్తున్నారు, సన్నజాజి గారికి చివర కావాల్సింది పుస్తకం కదా. మా దగ్గరికి వచ్చే ఫైళ్లలో సగం తలనొప్పి ఇక్కడే.

ఒకటి, కాన్వాస్ మొదటి రోజే 300 డీపీఐలో తెరవండి. చిన్నగా వేసి చివర్లో పెంచితే ముఖాలు మసకబారతాయి. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి రంగు అక్కడిదాకా వేయండి, కటింగ్‌లో అటూఇటూ అయినా తెల్లగీత రాదు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే అట్టతో కలిపి పేజీలు నాలుగుతో తెగాలి, అంటే 12, 16, 20. పధ్నాలుగు పేజీలు తెచ్చి ‘ఎలాగో సర్దండి’ అంటారు, ఎలా సర్దాలి?

రంగులు. తెర మీది చిలకాకుపచ్చ, మెరిసే నీలం కాగితం మీద రావు. తెరది వెలుతురు, మాది సిరా. క్రిటాలో సాఫ్ట్ ప్రూఫింగ్ ఉంది, ఆన్ చేస్తే అచ్చులో రంగులు ఎలా మసకబారతాయో ముందే కొంత తెలుస్తుంది. అన్నీ వేసేశాక కాదు, మొదటి పేజీ అవగానే ఒక్క కాపీ తీయించి చూసుకోండి.

సన్నజాజి_కుంచె

ఇది ఎవరూ చెప్పలేదండీ, కోటి దండాలు. ఇంకో సందేహం. బొమ్మ కింద తెలుగులో కథ రాయాలి. తమ్ముడి ఆఫీసు ఫోటోషాప్‌లో టైప్ చేస్తే ‘నక్క’ కాస్తా ‘నక్‌క’ లాగా విడిపోయింది. వత్తులు కింద పడట్లేదు.

అచ్చుయంత్రం

అది ఫాంటు తప్పు కాదు. కొన్నేళ్ల కిందటి ఫోటోషాప్‌లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్-రెడీ లేఅవుట్ అని ఉండేది, ఇంకా పాతవాటిలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని. అది ఎంచుకుని కొత్త ఫైలు తెరిస్తే వత్తు కిందికి వస్తుంది. అసలు అక్షరాలు బొమ్మ సాఫ్ట్‌వేర్‌లో పెట్టకండి. బొమ్మ అయ్యాక ఇంక్‌స్కేప్‌లోకి తెచ్చి అక్కడ కథ రాసి పీడీఎఫ్ చేయండి. అదీ ఉచితమే, తెలుగు సరిగ్గా కూర్చుంటుంది, అక్షరాలు ఎంత పెంచినా అంచులు పగలవు. మండలి, రామభద్ర, గిడుగు, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెండో తరగతి పిల్లకి మండలి బాగుంటుంది, శుభ్రమైన గుండ్రటి అక్షరాలు.

సన్నజాజి_కుంచె (మూడు వారాల తర్వాత)

వచ్చానండీ. మొదటి వారం ఏడుపొస్తుందన్నారు కదా, నిజంగానే వచ్చింది. చందమామ గీస్తే కోడిగుడ్డు పడింది. పెన్ను ఆనించిన ప్రతిసారీ తెర మీద నీళ్లలో రాయి వేసినట్టు వలయం, గీత ఆలస్యం. టాబ్లెట్ పాడైందనుకుని రెండు రోజులు పక్కన పెట్టేశాను.

రెండోలేయర్

రెండూ సెట్టింగులే. కోడిగుడ్డు ఎందుకంటే టాబ్లెట్ పొడుగు వెడల్పులు, తెర పొడుగు వెడల్పులు ఒకే నిష్పత్తిలో లేవు. డ్రైవర్‌లో పని చేసే చోటును తెర నిష్పత్తికి కుదించండి, కింద కొంచెం చోటు పోతుంది, పోనివ్వండి. వలయం విండోస్‌ది. కంట్రోల్ ప్యానెల్‌లో పెన్ అండ్ టచ్ దగ్గర ప్రెస్ అండ్ హోల్డ్ తీసేయండి. అప్పటికీ ప్రెషర్ సరిగ్గా రాకపోతే క్రిటా టాబ్లెట్ సెట్టింగ్స్‌లో విన్‌టాబ్, విండోస్ ఇంక్ అని రెండున్నాయి, ఒకటి పనిచేయకపోతే రెండోది పెట్టి క్రిటా మూసి తెరవండి. ఇంతకుముందు వేరే కంపెనీ టాబ్లెట్ డ్రైవర్ ఏదైనా ఉంటే ముందు దాన్ని పీకేయండి, రెండు డ్రైవర్లు ఒక ఒరలో ఇమడవు.

సన్నజాజి_కుంచె (మర్నాడు)

చందమామ గుండ్రంగా వచ్చింది! క్రిటా వాటర్ కలర్ బ్రష్‌లు అసలు నీళ్లలా పాకవు, ఆ నిరాశ మాత్రం ఉంది. కాబట్టి ఆకాశాలు, నేలలు కాగితం మీదే వేసి స్కాన్ చేసి అడుగు లేయరుగా పెట్టుకుంటున్నాను. పైన కాకి, నక్క టాబ్లెట్‌తో. తప్పు పడితే కంట్రోల్-జెడ్ నొక్కి వెనక్కి. ఇప్పుడు కాగితం మీద తప్పు చేసినా ఎడమ చెయ్యి కంట్రోల్-జెడ్ వెతుక్కుంటోంది.

మొదటి పేజీ ప్రింట్ తీయించాను. కాకి బూడిద రంగులో వచ్చింది, అచ్చుయంత్రం గారూ.

అచ్చుయంత్రం

ఒట్టి నల్లసిరా ఒక్కటే పడినట్టుంది. పెద్ద నల్లటి చోట్లకి అది పలచగా కనిపిస్తుంది. కాకి ఒంటికి నలుపుతో పాటు కొంచెం నీలం, కొంచెం ఎరుపు కలపమని మీ ప్రింటర్‌తో చెప్పండి, ఎంత శాతమో వాళ్ల మెషీన్‌ని బట్టి వాళ్లే చెప్తారు. అక్షరాలకు మాత్రం ఒట్టి నలుపే ఉంచండి. ఒకటికి మించి సిరాలు కలిస్తే చిన్న అక్షరాల అంచులు అలుక్కుపోతాయి.

సన్నజాజి_కుంచె

కాకికి నీలం కలిసిన నలుపు, అక్షరాలకు ఒట్టి నలుపు. రాసిపెట్టుకున్నాను. పుట్టినరోజుకి ఇంకా నలభై రోజులుంది, పదకొండు పేజీలు మిగిలాయి, నక్క తోక ఇప్పటికి నాలుగుసార్లు వేశాను.