మావి గుండ్రంగా లేకపోతే తప్పెవరిది?

సున్నా_ఒకటి: మావి, అంటే మన అమ్మమ్మలు మాయ అనేది, మామూలుగా గుండ్రంగా ఉంటుంది. కొన్ని మాత్రం తమ్మెలు తమ్మెలుగా, అంటే విడివిడి భాగాలుగా, లేదా నక్షత్రంలా వస్తాయి. యాంపోల్‌స్కీ, సలఫియా అనే పరిశోధకుల బృందం 2008లో దీన్ని కంప్యూటర్‌లో పెంచి చూసింది. వాళ్ళ లెక్కలో, తిరుగుతున్న రేణువులు తగిలిన చోటే అతుక్కుంటూ పోతే కొమ్మలేసిన చెట్టులా తయారవుతుంది. ఆ చెట్టే రక్తనాళాలు. కొమ్మలేసే తీరు ఒక్క దశలో మారినా చివరి ఆకారం మారిపోతుంది. అంటే కారణం ఆకారంలోనే రాసి ఉన్నట్టు కదా?

లేబర్‌రూమ్_సిస్టర్: ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా. బొడ్డుతాడు సరిగ్గా నడిమధ్యన ఉండదు, కాస్త పక్కకే ఉంటుంది. గుండ్రం అనకండి.

సున్నా_ఒకటి: సగటున గుండ్రం అని నా ఉద్దేశం సిస్టర్ గారూ. చాలా ఫొటోలను తాడు దగ్గర కలిపి పేరిస్తే వచ్చే గీత అది.

లేబర్‌రూమ్_సిస్టర్: నా ట్రేలోకి వచ్చేది సగటు కాదండీ. తమ్మెలన్నీ దగ్గర చేర్చి, పొర పైకెత్తి, ముక్క లోపల మిగిలిందేమో చూస్తాం. మిగిలితే తల్లికి రక్తం ఆగకపోవచ్చు.

గోదారి_గట్టు: ఇద్దరూ ఒకటే చెప్తున్నారు.

లేబర్‌రూమ్_సిస్టర్: కాదు.

చంటిదానమ్మ: మా పాప నెలలు నిండాకే 1.9 కిలోలతో పుట్టింది. మావి రెండు తమ్మెలుగా ఉంది. బరువులు మోశానని, తిండి తినలేదని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. మీ లెక్క ప్రకారం తప్పు నాదేనా?

సున్నా_ఒకటి: లెక్క ఒక్కో మావి గురించి చెప్పదండీ. ఆకారం చెదిరినవి, అంతే బరువున్న గుండ్రటి వాటికంటే కాస్త చిన్న బిడ్డనిస్తాయని, మొత్తమ్మీద...

చంటిదానమ్మ: మొత్తమ్మీద సంగతి నేనడగలేదు.

లేబర్‌రూమ్_సిస్టర్: కారణం రాసి ఉందని మొదలెట్టింది మీరే. ఆ మాట ఇంటికెళ్తే దాన్ని చదివేది అత్తగారే!

సున్నా_ఒకటి: ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కొమ్మలేయడం మారితే ఇలా రావచ్చని మాత్రమే లెక్క చెప్తుంది. ఎందుకు మారిందో అందులో లేదు. గర్భసంచి గోడలో రక్తం బాగా అందే వైపు మావి పెరగడం, అందని వైపు ఎండిపోవడం కూడా ఉంది. దాంట్లో తల్లి చేతిలో ఏముంది? కానీ కొలవకుండా బకెట్లో పడేయడం ఒప్పుకోలేను. ఒక ఫొటో, ఒక తూకం, రెండు నిమిషాలు.

లేబర్‌రూమ్_సిస్టర్: ఒక్కో రాత్రి తొమ్మిది కాన్పులు, మేం ఇద్దరం. ఆ రెండు నిమిషాలు ఎక్కడివి? తీస్తే మాత్రం తల్లిని అడిగి తీయండి, ముందు ఆవిడకే చూపించండి.

చంటిదానమ్మ: ఆరోజు నాకు చూపించారు. రెండు అరచేతుల్లా రెండు తమ్మెలు, మధ్యలో తాడు, దాన్నుంచి రెండు వైపులకూ పాకిన నీలం నాళాలు. ఏడుస్తూ సరిగ్గా చూడలేదు. ఫొటో ఉండుంటే దాచుకునేదాన్ని.