74 ఏళ్ల అత్తయ్య, 9 ఏళ్ల బాబు కలిసి చూసే తెలుగు సినిమా చెప్పండి

శనివారం రాత్రి ఎనిమిదింటికల్లా భోజనాలు కానిచ్చి ఇంట్లో అందరం ఒక సినిమా చూస్తాం. అత్తయ్యకు వినికిడి కాస్త తక్కువ. బాబు పదిన్నరకల్లా పడుకోవాలి.

‘మాయాబజార్’ (1957) పెట్టాను. ఘటోత్కచుడు లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగిరొచ్చేలా చేసుకుని తింటుంటే బాబు పడీపడీ నవ్వాడు. కానీ ఆ సీన్ వచ్చేది రెండో సగంలో, అప్పటిదాకా కుదురుగా కూర్చోలేదు. ‘గుండమ్మ కథ’ (1962) అత్తయ్యకు కంఠతా వచ్చు, సూర్యకాంతం గారి కంటే ముందే డైలాగ్ అనేస్తారు. వాడికి మాత్రం ఎక్కలేదు.

‘ఈగ’ (2012) పెడితే వాడు కన్నార్పలేదు, అత్తయ్య మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. మ్యూజిక్ హోరులో మాటలు వినబడలేదట. టీవీ సెట్టింగ్స్‌లో మాటలు స్పష్టంగా వినిపించే మోడ్ పెట్టి, బేస్ తగ్గించాను. పాత సినిమాలకు బాగానే పనిచేసింది, కొత్తవాటికి లాభం లేదు. సబ్‌టైటిల్స్ చూస్తే ఇంగ్లీషులోనే ఉంటున్నాయి, ఆవిడకు తెలుగే వచ్చు.

ఇద్దరూ చివరిదాకా కదలకుండా చూసింది ‘ఆదిత్య 369’ (1991) ఒక్కటే. టైమ్ మెషిన్ వాడికి నచ్చింది, రాయలవారి కాలం ఆవిడకు నచ్చింది. ఇంటిల్లిపాదికీ అంత చక్కగా సరిపోయే సినిమా నాకు మరోటి దొరకలేదు.

అలా మాటలు కొన్ని వినబడకపోయినా కథ అర్థమయ్యేది, నరుకుళ్లు లేనిది, రెండున్నర గంటలు దాటనిది, పాతదైనా కొత్తదైనా ఏ సినిమా పెట్టమంటారు?