వేసవిలో పిట్టలకు నీళ్లు సరే, గింజలు కూడా పెట్టాలా?

మల్కాజ్‌గిరి మేడ: టెర్రస్ మీద నీళ్ల మూకుడు, పక్కనే జొన్నలు పెడుతున్నాను. ఎండ 42 డిగ్రీలు దాటితే గోరింకలు నోరు తెరుచుకుని రొప్పుతున్నాయి. ఉడుత పిట్టగోడ నీడలో కాళ్లు చాపి, పొట్ట నేలకానించి పడుకుంటోంది. పావురాలు ఎక్కువయ్యాయి, రెండూ తీసెయ్యమని అసోసియేషన్ గొడవ. మీరేమంటారు?

నాచారం తోట: నీళ్లు ఉంచండి, జొన్నలు తీసెయ్యండి. పక్షులకు చెమట పట్టదు. రొప్పుతూ ఒంట్లో తడిని ఆవిరి చేసుకునే చల్లబడతాయి, అందుకే నీళ్లు లేకపోతే ప్రాణం మీదికొస్తుంది. తిండికి అంత కరువేం లేదు. సీమచింత కాయల మీద రామచిలుకలు, మర్రి, రావి పండ్ల మీద కోయిలలు, జూన్ వచ్చేసరికి వేపపండ్లు. జొన్నలకు ఎగబడేది పావురమే. అది ఏడాది పొడవునా గుడ్లు పెడుతుంది. పిల్లలకు మొదట్లో తల్లీతండ్రీ గొంతుసంచిలో ఊరే పాలే పడతాయి, పురుగులు దొరికే కాలం కోసం ఆగక్కర్లేదు. పిచ్చుక పిల్లకు పురుగులే కావాలి, జొన్నలు పోసి దాన్ని పెంచలేం.

పాతబస్తీ భాయ్: మక్కా మసీదు దగ్గర ఎప్పట్నుంచో పావురాలకు గింజలు వేస్తున్నారు. మా నాన్న కూడా వేసేవారు. ఇప్పుడు రోగాలంటూ వాటిని తరమడం ఫ్యాషన్ అయింది.

నాచారం తోట: ఫ్యాషనేం కాదు భాయ్. ఎండిన రెట్ట పొడి రోజూ పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు వాస్తాయి, ముదిరితే గట్టిపడతాయి. హైపర్‌సెన్సిటివిటీ న్యూమోనైటిస్ అంటారు. మసీదు దగ్గరంటే ఆరుబయలు. మా ఫ్లాట్‌లో గూడు ఏసీ యూనిట్ వెనకే, అత్తగారు కిటికీ తెరిచి ఎన్నాళ్లయిందో!

పాతబస్తీ భాయ్: అయితే ఏసీ వెనక జాలీ కొట్టించండి. ఆకలికి వచ్చినదాన్ని పొమ్మనడం నావల్ల కాదు.

ఉప్పల్ వాసి: నీళ్లు కూడా వద్దంటాను. డెంగ్యూ సంగతి మర్చిపోయారా?

నాచారం తోట: దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి దాదాపు వారం పడుతుంది. రోజూ పొద్దున పారబోసి, కొబ్బరి పీచుతో అంచులు తోమితే చాలు (గుడ్లు అంచులకే అంటుకుని ఉంటాయి, ఊరికే ఒంపితే పోవు). మట్టి మూకుడే పెట్టండి, స్టీలు గిన్నె ఎండకు కాలిపోతుంది. రెండంగుళాల లోతు చాలు. మధ్యలో ఓ రాయి వేస్తే తొండ పడినా ఎక్కి వస్తుంది.

మల్కాజ్‌గిరి మేడ: జొన్నలు ఆపేస్తాను, నీళ్లు మాత్రం తియ్యను. కానీ నీళ్లకూ ముందు పావురాలే దిగుతున్నాయండీ?

నాచారం తోట: చిన్న మూకుడు తీసుకుని కుండీల మధ్య గుబురులో వేలాడదీయండి. పికిలిపిట్ట దూరుతుంది, పావురానికి వాలే జాగా ఉండదు.