చేపకు షర్మూలా: నానబెట్టాలా, ఊరబెట్టాలా, పట్టించాలా?

అడిగినవారు:
మొరాకో వాళ్ళ చేప వంట ఒకటి తెలుగులో రాద్దామని కూర్చుని, ఒక్క క్రియ దగ్గర ఆగిపోయాను. కొత్తిమీర, పార్స్లీ, వెల్లుల్లి, జీలకర్ర పొడి, పాప్రికా, ఉప్పు, నిమ్మరసం, ఆలివ్ నూనె కలిపి నూరిన ముద్దని వాళ్ళు షర్మూలా అంటారు. దానితో చేపని "మారినేట్" చేయాలి. వీడియోల్లో అందరూ మారినేట్ అనేస్తున్నారు, నాకేమో తెలుగు మాట కావాలి. "నానబెట్టాలి" అని రాస్తే మా అమ్మ "చేపని నానబెట్టడమేంటి, అదేమైనా బియ్యమా?" అంది. "ఊరబెట్టాలి" అంటే జాడీ గుర్తొస్తోంది. మీరైతే ఏం రాస్తారు?

తెనాలి నుంచి ఒకరు:
అమ్మగారు సరిగ్గానే పట్టుకున్నారండీ. బియ్యం, పప్పు, చింతపండు నానతాయి. బయటి తడి లోపలికి పోయి ఉబ్బుతాయి. ఊరడం దీనికి ఎదురు, లోపలి తడి బయటికొస్తుంది. చెలమలో నీరూరుతుంది, పుల్లటిది చూస్తే నోరూరుతుంది, ఉప్పు వేసిన నిమ్మకాయ ఊరి తన రసంలోనే మునుగుతుంది. అది రోజులు పట్టే పని.

షర్మూలా దగ్గర ఈ తేడా ఉత్త వ్యాకరణం కాదు. పల్చని చేపని అంత నిమ్మరసంలో రాత్రంతా ఉంచితే పొయ్యి ఎక్కకముందే కండ తెల్లబడి బిగుసుకుంటుంది, తర్వాత వేపితే ఎండిపోయి విరిగిపోతుంది. అరగంట, మహా అయితే గంట చాలు. "ఊరబెట్టండి" అని రాస్తే చదివినవాళ్ళు ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తీస్తారు. తప్పు వాళ్ళది కాదు, మనం వాడిన క్రియది.

మనకి "పట్టించు" ఉంది కదా! తలకి నూనె పట్టిస్తాం. "ముక్కకి ఉప్పు పట్టలేదు" అని పులుసుకి వంక పెడతాం. అందులో చేతి పని కూడా వినిపిస్తుంది. చేపకి గాట్లు పెట్టి, ఆ గాట్లలోకి వేలితో ముద్ద తోసి, కడుపులోనూ రాయాలి. మొరాకోలో చేసేదీ అదే. వాళ్ళకి ఆ ముద్ద పేరు మీదే మాటలున్నాయి. షర్మూలా పట్టించిన చేప "హూత్ మ్షర్మెల్", కోడి అయితే "ద్జాజ్ మ్షర్మెల్". చివరికి ఆలివ్ కాయలకి పట్టించినా మ్షర్మెల్లే. నేనైతే "షర్మూలా పట్టించిన చేప" అని రాస్తాను.

ఇంకోమాట. చాలాచోట్ల "చెర్మౌలా" అని రాస్తున్నారు. అది ఫ్రెంచి స్పెల్లింగుని ఇంగ్లీషులా చదవడం వల్ల వచ్చింది. 1912 నుంచి 1956 దాకా మొరాకోలో ఎక్కువ భాగం ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉంది, ఆ పేర్లన్నీ మనకి ఆ దారిలోనే వచ్చాయి. ఫ్రెంచిలో ch అక్షరాలకి పలుకు "ష". మీరు షర్మూలా అనే రాశారు, సంతోషం.

హైదరాబాద్ నుంచి ఒకరు:
అన్నా, ఒక్క అభ్యంతరం. బిర్యానీకి మటన్ పెరుగులో కలిపి పెడితే మా ఇంట్ల "నానబెట్టినం" అనే అంటరు. పెరుగు తడే కదా. నానబెట్టుడు అంత తప్పు మాటేం కాదు.

తెనాలి:
మటన్‌కి ఒప్పుకుంటాను తమ్ముడూ. అక్కడ ముక్క పెరుగులో మునిగి ఉంటుంది, రాత్రంతా ఉన్నా మేలే. చేపకి షర్మూలా పైపూత, మునగడం లేదు. అంతే తేడా.

హైదరాబాద్:
సరే. మా నాయనమ్మ మాత్రం చేపలకు "ఉప్పు కారం పట్టిచ్చి పెట్టు" అనేది. అంటే మీ మాటే మా దగ్గర కూడా ఉన్నట్టు.

విశాఖపట్నం నుంచి ఒకరు:
క్రియ తేలింది కాబట్టి చేప గురించి చెప్తాను. మొరాకోలో షర్మూలాకి జోడీ అంటే ముందు సార్డీన్లే. సఫీ, అగాదిర్ రేవులు వాటికి పేరుపడ్డవి. సార్డీన్‌ని పొట్ట దగ్గర చీల్చి, ముల్లు తీసి, పుస్తకంలా తెరుస్తారు. ఒకదాని మీద షర్మూలా పరిచి రెండోది మూతలా పెట్టి, పిండి అద్ది, నూనెలో వేపుతారు. ఇక్కడ "పట్టించు" చాలదు, "రెండింటి మధ్య పెట్టి" అనాలి. "కూరి" అనకండి, కూరడానికి గుత్తి వంకాయలా లోపల ఖాళీ ఉండాలి.

సార్డీన్ అని కూడా రాయక్కర్లేదు, మా రేవులో వాటిని కవళ్ళు అంటారు. అవి దొరక్కపోతే కానాగంతలు తెచ్చుకోండి, నూనె ఉన్న చేప కాబట్టి ఈ పులుపుకీ వెల్లుల్లికీ తట్టుకుంటుంది. కానాగంత శాస్త్రీయ నామం రాస్ట్రెలిగర్ కనగుర్త. ఆ "కనగుర్త" మన మాటే. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన చేపల మీద 1803లో అచ్చేసిన పుస్తకంలోంచి శాస్త్రంలోకి వెళ్ళింది. చెప్పుకోవాలిగా మరి!

డాలస్ నుంచి ఒకరు:
రాసేటప్పుడు ఇంకో రెండు గుంటలున్నాయి, చూసుకోండి. బ్రిటిష్ వంటల పుస్తకాల్లో ఆకుకీ గింజకీ ఒకటే పేరు, కోరియాండర్. ఇక్కడ అమెరికాలో ఆకుని సిలాంత్రో అంటారు. తెలుగులోకి మార్చినవాళ్ళు చూసుకోక "ఒక కట్ట ధనియాలు" అని రాసింది చదివాను. మనకి కొత్తిమీర, ధనియాలు అని విడివిడిగా ఉండి కూడా! షర్మూలాకి కావాల్సింది ఆకే.

రెండోది పాప్రికా. దాన్ని "కారం" అని మాత్రం రాయొద్దు. మొరాకోలో దాని పేరు తహ్మీరా. అహ్మర్ అంటే ఎరుపు, పేరులో ఉన్నది రంగే, మంట కాదు. అరకిలో చేపకి రెండు చెంచాలు వేస్తారు. అదే లెక్కన మన గుంటూరు కారం వేస్తే కొత్తిమీర వాసన కూడా తెలీదు. పాప్రికా లేకపోతే కాశ్మీరీ మిరప పొడి ఒక చెంచా వేసుకోవచ్చు.

అడిగినవారు:
అన్నీ రాసుకున్నానండీ, చాలా థాంక్స్. చివరిగా ఒకటి. వేపుడు కాకుండా తాజీన్‌లో వండే పద్ధతి కూడా రాస్తున్నాను. ఆ పాత్రని "దాక" అనొచ్చా?

తెనాలి:
అనొచ్చుగానీ, తాజీన్ అంటే పాత్రకీ పేరే, అందులో వండిన వంటకీ పేరే. కాబట్టి వంటకి తాజీన్ అని ఉంచి, పాత్ర దగ్గర "శంకువులా పొడుగు మూత ఉన్న మట్టి దాక" అని ఒకసారి చెప్పండి. అడుగున క్యారెట్ ముక్కలు అడ్డంగా పరిచి, బంగాళాదుంప, టమాటా చక్రాలు పేర్చి, అన్నిటికన్నా పైన చేప పెట్టమనండి, అడుగంటదు. సన్నని సెగ. కింద మరీ వేడెక్కితే దాక పగులుతుంది కాబట్టి గ్యాస్ మీద పెంకు గానీ రేకు గానీ వేయాలి. గరిట పెట్టి కలపకూడదని మాత్రం మనవాళ్ళకి ప్రత్యేకంగా రాయక్కర్లేదు, చేపల పులుసు వండేవాళ్ళకి తెలిసిందే.