హెచ్‌టీఐ-2 ముసాయిదా: ప్రజారోగ్య ల్యాబ్ లిమ్స్ మీద పడేది ఎంత?

లిమ్స్‌_అడ్మిన్ (ప్రశ్న)

అమెరికాలో రాష్ట్ర ప్రజారోగ్య ల్యాబుల్లో పనిచేస్తున్న మనవాళ్లకి. ఆరోగ్య ఐటీ నిబంధనలు చూసే ఫెడరల్ సంస్థ ఓఎన్‌సీ తెచ్చిన హెచ్‌టీఐ-2 నిబంధనల ముసాయిదా 2024 ఆగస్టు 5న ఫెడరల్ రిజిస్టర్‌లో (ఫెడరల్ ప్రభుత్వ గెజిట్) వచ్చింది, అభిప్రాయాలకు గడువు అక్టోబర్ 4. రెండు పేజీల్లో మా వైపు నుంచి రాసి పంపాలి. మూడు సందేహాలు:

1. లిమ్స్‌కి (శాంపిళ్లు, ఫలితాలు నిర్వహించే ల్యాబ్ సాఫ్ట్‌వేర్) సర్టిఫికేషన్ తప్పనిసరి అవుతుందా?
2. ఈహెచ్‌ఆర్‌లు (ఆస్పత్రుల ఎలక్ట్రానిక్ రోగి రికార్డు సిస్టమ్‌లు) ల్యాబ్ ఆర్డర్లను ఎల్‌ఓఐ అనే ఆర్డర్ సందేశాల గైడ్ ప్రకారం పంపి, ఫలితాలను ఎల్‌ఆర్‌ఐ అనే ఫలితాల గైడ్ ప్రకారం తీసుకోవాలంటున్నారు. ఇందులో మన వంతు పని ఏంటి?
3. ఇన్ఫర్మేషన్ బ్లాకింగ్ (ఆరోగ్య సమాచారం అందకుండా అడ్డుకోవడం) నిషేధం మనకీ వర్తిస్తుందా?

ఇంటర్‌ఫేస్‌_ఇంజినీర్

మొదటిదానికి: నేరుగా కాదు. ఓఎన్‌సీ సర్టిఫై చేసేది సాఫ్ట్‌వేర్‌ని, ల్యాబ్‌ని కాదు. పైగా అది స్వచ్ఛందం. ముసాయిదాలో కొత్తగా చేర్చిన ఎఫ్(23) లాంటివి ఫలితాలను అందుకునే వైపువి, అంటే ఆరోగ్య శాఖ వ్యాధి నిఘా విభాగం వాడే సిస్టమ్‌కి సంబంధించినవి. కానీ రేపు ఏదైనా గ్రాంట్ షరతుల్లో 'సర్టిఫైడ్' అన్న మాట చేరిందంటే స్వచ్ఛందం పేరుకే మిగులుతుంది. ఈహెచ్‌ఆర్‌లు వాడే డాక్టర్లకు, ఆస్పత్రులకు హైటెక్ చట్టం కింద ప్రోత్సాహకాలు ఇచ్చినప్పుడు ల్యాబులకు అవి అందలేదు. ఈ మాట అభిప్రాయంలో తప్పకుండా రాయండి.

రెండోది అసలు సంగతి. ఫలితం పంపడం మనకి కొత్త కాదు, ఈఎల్‌ఆర్ (ల్యాబ్ ఫలితాలను ఆరోగ్య శాఖకి ఎలక్ట్రానిక్‌గా పంపడం) ఏళ్ల తరబడి నడుస్తోంది. ఇరుక్కునేది ఆర్డర్ దగ్గర. ఓఎంఎల్ (ల్యాబ్ ఆర్డర్) సందేశం వస్తే సరిపోదు, ట్యూబ్ మీద బార్‌కోడ్ దానితో కలవాలి. నర్సు ఆర్డర్ రద్దు చేసి మళ్లీ పెడుతుంది, ట్యూబ్ మీద మాత్రం పాత లేబులే ఉంటుంది. ఆర్డర్ ముందొచ్చి శాంపిల్ రాకపోవడం, శాంపిల్ వచ్చి ఆర్డర్ లేకపోవడం రోజూ ఉండేవే. ఈ రెండింటికీ వేర్వేరు క్యూలు పెట్టి, ఎన్ని రోజులకు మూసేయాలో ముందే రాసిపెట్టుకోండి. ఆ సందేశంలోని ఓబీఆర్-2 గడిలో వచ్చిన ఆర్డర్ నంబర్‌నీ ఎస్‌పీఎం-2 గడిలో వచ్చిన శాంపిల్ నంబర్‌నీ ఫలితంలో అక్షరం మారకుండా తిరిగి పంపాలి. లిమ్స్ తన సొంత నంబర్‌తో వాటిని చెరిపేస్తే ఈహెచ్‌ఆర్ ఆ ఫలితాన్ని పక్కన పడేస్తుంది.

ఇంకోటి. సర్టిఫైడ్ ఈహెచ్‌ఆర్ లేని కౌంటీ క్లినిక్కులూ జైళ్లూ ఎలాగూ ఉంటాయి. కాబట్టి హెచ్‌ఎల్7 (సిస్టమ్‌ల మధ్య పైన చెప్పిన సందేశాల ప్రమాణం), వెబ్ పోర్టల్, కాగితం మూడూ సమాంతరంగా నడపాలి. ఖర్చు అంచనాలో అందరూ మర్చిపోయేది ఇదే.

ఎన్‌బీఎస్‌_డెస్క్

పైదానికి ఒక్కటి కలుపుతాను: ఆర్డర్‌తో పాటు అడిగే ప్రశ్నలు. యూఎస్‌సీడీఐ (ఈహెచ్‌ఆర్‌లు పంచుకోవాల్సిన డేటా అంశాల జాబితా) వెర్షన్ 4 వచ్చినంత మాత్రాన ఇవి నిండవు.

నవజాత శిశు పరీక్షనే తీసుకోండి. పుట్టిన సమయం గంటలతో సహా కావాలి. చాలా ఈహెచ్‌ఆర్‌లు పీఐడీ-7లో (పుట్టిన తేదీ గడి) తేదీ ఒక్కటే పంపుతాయి. అప్పుడు రక్తపు చుక్క 24 గంటలలోపు తీశారో తర్వాత తీశారో తెలియదు; మళ్లీ శాంపిల్ అడగాల్సిందే. రక్తం ఎక్కించారా లేదా అన్నది ఖాళీగా వస్తే హీమోగ్లోబిన్ ఫలితాన్ని నమ్మలేం. ఆర్బోవైరస్ (దోమల వంటి వాటి ద్వారా వ్యాపించే వైరస్) ఐజీఎం యాంటీబాడీ పరీక్షకి లక్షణాలు మొదలైన తేదీ లేకపోతే నెగెటివ్‌కి అర్థమే ఉండదు.

ఈ జవాబులు ఆర్డర్ లోపలే, ఓబీఎక్స్‌లుగా (ఒక్కో జవాబుకి ఒక్కో సెగ్మెంట్), లోయింక్ కోడ్‌తో (పరీక్షలకు, ప్రశ్నలకు ప్రామాణిక కోడ్) రావాలి. నోట్స్ సెగ్మెంట్‌లో వాక్యంగా వస్తే మళ్లీ మనిషి చదివి టైప్ చేయాల్సిందే. అభిప్రాయంలో "ప్రజారోగ్య పరీక్షలకు ఈ ప్రశ్నలు పంపగలదని సర్టిఫికేషన్ టెస్టులోనే చూపించాలి" అని స్పష్టంగా అడగండి. 'డేటా నాణ్యత పెరగాలి' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు.

కోడ్‌_మ్యాపర్

లోకల్ కోడ్లను ప్రామాణిక కోడ్లకు కలిపే మ్యాపింగ్ టేబుల్ చూసుకోవడానికి సాఫ్ట్‌వేర్ కాదు, ఒక మనిషి కావాలని అభిప్రాయంలో అడగండి. లోయింక్ ఏడాదికి రెండుసార్లు మారుతుంది. ఫలితాలకు వాడే స్నోమెడ్ కోడ్ల అమెరికా ఎడిషన్‌దీ అదే తంతు. ప్రతి వరుసలో లోకల్ కోడ్, కిట్, శాంపిల్ రకం, లోయింక్, ఫలితం మాట, స్నోమెడ్ కోడ్, అమల్లోకి వచ్చిన తేదీ ఉండాలి. కిట్ క్వాలిటేటివ్ నుంచి క్వాంటిటేటివ్‌కి మారితే లోయింక్ కూడా మారుతుంది. బెంచ్ మీద ఉన్నవాళ్లు ఆ సంగతి ఇన్‌ఫర్మాటిక్స్‌కి చెప్పరు, అక్కడే తప్పు మొదలు.

ఓబీఎక్స్-5లో (ఫలితం గడి) "పాజిటివ్, నోట్ చూడండి" అని టెక్స్ట్ పెడితే అందుకునే సిస్టమ్ దాన్ని ఎక్సెప్షన్ క్యూలోకి తోస్తుంది. టీబీ కల్చర్‌లో ప్రిలిమినరీ, ఫైనల్, కరెక్షన్ అన్నీ ఒకే ఓబీఆర్-3 (ల్యాబ్ ఇచ్చే ఆర్డర్ నంబర్) కింద పోవాలి. ప్రతి అప్‌డేట్‌కీ కొత్త నంబర్ వెళితే ఒకే రోగి నిఘా లెక్కల్లో మూడు కేసులు అవుతాడు.

రేబీస్ సంగతీ రాయండి. ఆర్డర్‌లో 'రోగి' గబ్బిలమో కుక్కో. కాటు తిన్న మనిషి వేరే. మనిషి రోగిగా ఉంటాడన్న ఊహతో కట్టిన ప్రొఫైల్‌లో ఇది ఇమడదు. జంతువు జాతికి పీఐడీ-35 ఉంది, కానీ ఆస్పత్రి ఈహెచ్‌ఆర్ దాన్ని నింపుతుందని ఆశ పెట్టుకోకండి.

లిమ్స్‌_అడ్మిన్

చాలా థాంక్స్ అండీ. మూడో సందేహం అలాగే ఉండిపోయింది.

కంప్లయన్స్‌_డెస్క్

వర్తిస్తుంది. చట్టంలో 'హెల్త్ కేర్ ప్రొవైడర్' నిర్వచనంలోనే ల్యాబ్ ఉంది. అయితే 2024లో ఖరారైన ప్రొవైడర్ల జరిమానాలు మెడికేర్ ఆస్పత్రులు, క్లినిషియన్లు, ఏసీఓల (మెడికేర్ కింద కలిసి పనిచేసే ప్రొవైడర్ల బృందాలు) చుట్టూనే తిరుగుతాయి, ప్రజారోగ్య ల్యాబ్‌కి తగిలేవి కావు. ఆరోగ్య శాఖకి ఫలితాలు పంపడానికి హిపా (రోగి గోప్యత) నిబంధన 164.512(బి) ప్రకారం రోగి అనుమతి అక్కర్లేదు. మీ రాష్ట్ర చట్టం హెచ్‌ఐవీ, జన్యు ఫలితాలకు ఇంకా గట్టి షరతులు పెట్టిందేమో మీ లీగల్ వాళ్లతో చూపించుకోండి. రోగి పోర్టల్‌కి ఫలితం వెళ్లకుండా ఆపాలంటే ఆధారం ఆ చట్టంలో ఉండొచ్చు.