యాప్‌లో నెలకి 3 మిగులుతోంది, కార్డు బాకీ మాత్రం పెరుగుతోంది. ఎక్కడ పోతోందండీ?

నెలాఖరు:
అందరికీ నమస్కారం. ఇంట్లో మేం అయిదుగురం: నేను, మా వారు, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. మా ఇద్దరివీ ఉద్యోగాలే. అసలు అంకెలు ఇక్కడ పెట్టలేను గానీ, ఇద్దరి జీతం కలిపి నెలకి 100 అనుకోండి. ఖర్చులన్నీ ఫోన్లో యాప్‌లో రాస్తున్నాను. ఇంటద్దె 28, సరుకులు 24, పిల్లల ట్యూషన్లు, పుస్తకాలు 11, రాకపోకలు 9, కరెంటు, గ్యాస్, ఫోన్లు, నెట్ కలిపి 8, అత్తగారి మందులు 6, ఇతరాలు 11. మొత్తం 97. అంటే 3 మిగలాలి. మిగలడం మాట దేవుడెరుగు, కార్డు మీద 70 బాకీ ఉంది. ఏడాది క్రితం సున్నా.

జీతాలు పెరగలేదా అంటే పోయినేడు 5 శాతం పెరిగాయి. అయినా అప్పటికన్నా ఇప్పుడే ఇరుకుగా ఉంది.

చేతనైనంత పొదుపు చేస్తూనే ఉన్నాం. సబ్బు అరిగి బిళ్ళలా అయ్యాక కొత్తదాని వీపుకి అంటించి వాడుతున్నాం. పిల్లల చిరుతిళ్ళు తగ్గించాను. పెద్దవాడి ఆటల కోచింగ్ మానిపించాను, వాడు ఇంకా ముఖం ముడుచుకునే ఉన్నాడు. మా అత్తగారు గదిలోంచి ఎవరు లేచినా వెనకాలే వెళ్ళి లైటు ఆపేస్తారు, ఒకోసారి చిన్నది లోపల హోంవర్క్ చేస్తుండగానే. ఇంకా ఏం తగ్గించాలో తోచడం లేదు. 25వ తేదీ వస్తుందంటే టెన్షన్.

సూటిగా:
కోసుకుంటూ పోతే ఎంతని కోస్తారు? రాబడి పెంచుకోండి. సాయంత్రాలు ట్యూషన్లు చెప్పొచ్చు, ఆన్‌లైన్ పనులు చూసుకోవచ్చు.

నెలాఖరు:
ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికే చీకటి పడుతోందండి. నా పిల్లల పుస్తకాలు చూడటానికే ఓపిక ఉండటం లేదు. అయినా ఎటు పోతోందో తెలియకుండా ఇంకాస్త తెచ్చినా అదీ అటే పోతుంది కదా.

పద్దుల పిచ్చి:
ఆవిడ అన్నది నిజం. అమ్మా, ఒక్క సంగతి చెప్పండి. స్కూలు టర్మ్ ఫీజులు, ఇన్సూరెన్స్ ప్రీమియం, బండి రిపేర్లు, శుభకార్యాలు మీ లెక్కలో ఎక్కడున్నాయి? నాకు కనబడలేదు.

నెలాఖరు:
అవి నెలనెలా వచ్చేవి కావని యాప్‌లో రాయలేదండి, డైరీలో విడిగా ఉన్నాయి. చూసి చెప్తున్నా. అదే లెక్కలో రెండు టర్ముల ఫీజు 50, ఇన్సూరెన్స్ 18, బండ్ల సర్వీసింగ్, టైర్లు కలిపి 12, బట్టలు, పెళ్ళిళ్ళకి వెళ్ళి రావడం 16. అవి పడ్డప్పుడల్లా కార్డు గీకేస్తాం.

పద్దుల పిచ్చి:
దొంగ దొరికాడు. కూడండి: 50, 18, 12, 16, మొత్తం 96. పన్నెండు నెలలకి పంచితే నెలకి 8. మీ అసలు ఖర్చు 97 కాదు, 105. ప్రతి నెలా 5 లోటు. కార్డు వడ్డీ నెలకి 3 శాతం అనుకుని, ఆ 5 నెలనెలా పేరుకుంటూ పోతే ఏడాదికి ఎంతవుతుందో వేసి చూశాను. దాదాపు 71. మీరు చెప్పిన 70కి ఇంచుమించు సరిపోయింది. సబ్బు ముక్క దగ్గరా, పిల్లల చిరుతిళ్ళ దగ్గరా పోవడం లేదమ్మా. దయచేసి కుర్రాణ్ణి కోచింగ్‌కి మళ్ళీ పంపే దారి చూడండి.

ఇక కార్డు. నెలకి 3 శాతం అంటే ఏడాదికి 36 అనుకుంటారు. వడ్డీ మీద వడ్డీతో అది 42 దాటుతుంది. 100 బాకీ మీద 5 కడితే అందులో 3 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 2. కొత్తగా ఏమీ గీకకుండా నెలకి 5 చొప్పునే కడితే తీరడానికి 31 నెలలు. 10 చొప్పున కడితే దాదాపు 12 నెలలు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం చాలా కార్డుల్లో వడ్డీ లేని గడువు ఉండదు. ఈరోజు గీకిన సరుకులకి ఈరోజు నుంచే వడ్డీ. అందుకే ముందు రోజువారీ కొనుగోళ్ళు ఆ కార్డు మీద ఆపండి, మిగతావి తర్వాత.

జీతం పెరిగినా ఇరుకెందుకు అన్నారు. రాబడి 100, ఖర్చు 90 ఉన్న ఇల్లు తీసుకోండి. రాబడి 5 శాతం, ఖర్చు 8 శాతం పెరిగితే 105లోంచి 97.2 పోయి మిగిలేది 7.8. జీతం పెరిగింది, మిగులు మాత్రం 10 నుంచి 7.8కి పడిపోయింది. టీవీలో చెప్పే ధరల సూచీ అందరి ఇళ్ళ సగటు. మీ ఇంటి బుట్టలో అద్దె, సరుకులు, మందులే సగం పైగా ఉన్నాయి, వాటి ధర పెరిగితే మీకు ఆ సగటుకన్నా గట్టిగా తగులుతుంది. రాబడి తక్కువైన కొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుందని ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త 1857లోనే లెక్కలు కట్టి చూపించాడు. అంటే ఇది మీ చేతకానితనం కాదు.

ఇద్దరు పిల్లల అమ్మ:
సరుకుల్లో ఒక్కటి గమనించండి అక్కా. ప్యాకెట్ ధర అదే ఉంటుంది, లోపల తూకం తగ్గుతుంది. 500 గ్రాములది 450 అయితే పది శాతమే కదా తగ్గింది అనుకుంటాం, కానీ గ్రాము ధర 11 శాతం పెరిగినట్టు. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే అని కూడా లేదు, వంద గ్రాములకి ఎంతో ఫోన్లో భాగించి చూసుకోవాలి. నేను షాపులో నిలబడి లెక్క వేస్తుంటే మా వారు నన్నెరగనట్టు పక్క వరసలోకి వెళ్ళిపోతారు.

ఇంకోటి, పిల్లల చిన్న చిన్న సరదాలు అన్నీ ఒకేసారి ఆపకండి. ఒకటి ఉంచండి. ఏది ఉంచాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి, గొడవ సగం తగ్గుతుంది.

స్క్రూడ్రైవర్:
నాది కరెంటు పని. అత్తగారికి నా తరఫున ఒక మాట చెప్పండి. యూనిట్ అంటే 1000 వాట్ల వస్తువు ఒక గంట నడవడం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్క యూనిట్‌తో 111 గంటలు వెలుగుతుంది. అదే 2000 వాట్ల నీళ్ళ హీటర్ అరగంటలో ఒక యూనిట్ తాగేస్తుంది. రోజూ అరగంట వేడెక్కితే నెలకి 30 యూనిట్లు. పాత రకం 75 వాట్ల ఫ్యాను రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి దాదాపు 34 యూనిట్లు. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారు ఉన్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకి అదే వాడకంలో 13.5 చాలు. కొనాలంటే డబ్బు కావాలి, నిజమే. అందుకని పాతవి బాగానే ఉంటే తీసి పారేయొద్దు, ఏది చెడిపోతే దాని బదులు అది వేయించండి. హీటర్ మాత్రం ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానాలు కానిచ్చి, ఆపేయండి. మధ్యలో గ్యాప్ ఎక్కువైతే నీళ్ళు కొంత చల్లారతాయి, ఆ మేరకు మళ్ళీ కాగాలి.

సూటిగా:
కార్డు బాకీకి పర్సనల్ లోన్ తీసుకుంటే సరి. 10 శాతానికే ఇస్తామని నాకు రోజూ ఫోన్లు వస్తాయి.

పద్దుల పిచ్చి:
ఆ 10 శాతం ఫ్లాట్ రేటా, తగ్గే బాకీ మీదా అని అడగండి. మూడేళ్ళకి ఫ్లాట్ 10 అంటే నిజానికి ఏడాదికి దాదాపు 18. అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి మొత్తం మీదే వేస్తారు కాబట్టి. కార్డుతో పోలిస్తే అదీ నయమే, కాదనను. కానీ లోన్ తీసుకుని కార్డు ఖాళీ చేసినవాళ్ళలో చాలామంది ఖాళీగా ఉంది కదా అని మళ్ళీ గీకుతారు. రెండు బాకీలవుతాయి.

నెలాఖరు:
రాత్రి మా వారూ నేనూ కూర్చుని 96 లెక్క మళ్ళీ వేసుకున్నాం. ఆయన మొదట నమ్మలేదు, డైరీ లాక్కుని తనే కూడారు. ‘ఇతరాలు 11’ విప్పి చూస్తే అందులో 4 ఆయన ఫోన్ వాయిదా, ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. ఎవరూ చూడని రెండు సబ్‌స్క్రిప్షన్లు 1, అవి అప్పుడే ఆపేశాం. అత్తగారికి హీటర్ సంగతి చెప్పాను. ఇవాళ పొద్దున్న బాత్‌రూమ్ బయట నిలబడి అందర్నీ వరసగా తోలారు. లైట్లు ఆపడం మాత్రం మానలేదు.

ఇంకో మాట. మాకు 50 డిపాజిట్ ఉంది, ఏడాదికి 7 శాతం వడ్డీ. అది ముట్టుకోవద్దని మా వారి పట్టుదల. ఏం చేయమంటారు?

పద్దుల పిచ్చి:
ఆయన భయం అర్థమవుతుంది. కానీ ఒక చేత్తో 7 తీసుకుంటూ ఇంకో చేత్తో 42 ఇస్తున్నారు. ముందే తీస్తే వడ్డీ కొంత కోస్తారేమో, అయినా లాభమే. 10 అత్తగారి మందులకి, ఆపదకి ఉంచి, 40 తీసి కార్డులో కట్టండి. మిగిలే 30కి నెలకి 3 చొప్పున కడితే దాదాపు 12 నెలల్లో తీరుతుంది. ఫీజులకి 8, కార్డుకి 3, వెరసి 11 పక్కన పెట్టాలి. మీ దగ్గర మిగులు 3. ఇంకో 8 కావాలి. ఫోన్ వాయిదా 4, సబ్‌స్క్రిప్షన్ 1 దొరికాయి. సరుకుల్లో 2, కరెంటులో 1 రాబట్టగలరేమో చూడండి. అంత రాకపోతే టర్మ్ ఫీజు మూడు నాలుగు వాయిదాల్లో కడతామని స్కూల్లో ఇప్పుడే అడగండి. గడువు దాటాక అడిగితే ఫైన్ మాట ముందొస్తుంది.

నెలాఖరు:
డిపాజిట్ విషయం ఆయనకి ఈ లెక్క చూపించి అడుగుతానండి. ఫీజులకని తీసే ఆ 8 జీతం పడ్డ ఖాతాలోనే ఉంచితే ఫర్వాలేదా?

పద్దుల పిచ్చి:
వద్దు. కార్డుకీ, ఫోన్ చెల్లింపులకీ తగిలించని వేరే ఖాతా ఒకటి పెట్టుకోండి. జీతం పడ్డ మర్నాడే తనంతట తాను అందులోకి వెళ్ళేలా బ్యాంకులో చెప్పి రండి. 25వ తేదీ దాకా ఆగి మిగిలింది వేద్దాం అంటే ఏమీ మిగలదు.